ప్రజల మాటకు పద్దు వ్రాసిన మాడపాటి

పాలకుని మనసు తెలిసికొనుట కష్టము కాదు; అతని ఫర్మానాలే దానిని చాటుచుండును. పాలితుల మనసు తెలిసికొనుటయే కష్టము. సామాన్యునికి ఓటు లేని రాజ్యములో, సభ జరుపుకొనుటకు ముందుగా సెలవు పొందవలసిన రాజ్యములో, తెలుగు పత్రికలు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే యున్న రాజ్యములో ప్రజలేమి తలంచుచున్నారో ఎవరు చెప్పగలరు? నిజాం పాలనలోని తెలుగు తాలూకాలలో ప్రజాభిప్రాయము ఏ యేట ఏ మలుపు తిరిగినదో నేటివారికి కొంతయైనను తెలియుచున్నదన్న, అందులకు ముఖ్యకారకులలో ఒకరు ఆంధ్రపితామహ మాడపాటి హనుమంతరావుగారు. సంఘమును స్థాపించిన కీర్తి ఆయనకు గలదు. పాఠశాలను నెలకొల్పిన కీర్తియు గలదు. ఈ రెండింటితోబాటు, సభలు చేసిన తీర్మానములను, వాని వెనుకనున్న కథను భద్రపరచి గ్రంథముగా మిగిల్చిన కీర్తిని గూడ తలంచుకొనవలసియున్నది.

హనుమంతరావుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయిరి. మేనమామల ఆదరమున, నిజాం రాజ్యములోని సూర్యాపేటలో ఆయన బాల్యము గడచెను. నందిగామకును సూర్యాపేటకును నడుమ దూరము కొద్దియే. కాని మధ్య నొక ఎల్ల ఉండెను. ఆవల ఆంగ్లేయుల పాలన, ఈవల అసఫ్‌జాహీల పాలన. ఆవల బడిలో తెలుగు వినిపించును. ఈవల కచేరీలో, బడిలో ఉర్దూయే రాజ్యమేలుచుండెను. ఇంట మాటాడు భాష యొకటి, అర్జీ వ్రాయు భాష మరియొకటి. రైతు తన కష్టమును తాసీల్దారునకు చెప్పుకొనవలెనన్నను నడుమ నొక వ్రాతగాని కలము కావలసియుండెను. ప్రజల మాట పాలకుల చెవికి చేరునప్పటికి ఎంత తరిగిపోవునో, ఎంత మారిపోవునో సూర్యాపేటలో పెరిగిన పిల్లవానికి గ్రంథములు చదువకయే తెలిసియుండును.

ఆయన ఆ భాషను ద్వేషింపలేదు; నేర్చుకొనెను. ఉర్దూ, పారసీక భాషలలో గట్టి పాండిత్యము సంపాదించిరి. హనుమకొండలో ఉద్యోగము చేయుచున్న దినములలో, 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమునకు సేవ చేసిరి. తరువాత హైదరాబాదు చేరి, న్యాయశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులై వకీలు వృత్తి నవలంబించిరి. తెలుగులో కథలు వ్రాసి మల్లికాగుచ్ఛము అను సంపుటమును వెలువరించిరి. మరియొకవంక ముషీరె దక్కన్ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకీయములు వ్రాయుచుండిరి. తెలుగువాని గోడు పాలకులు చదువు భాషలో, పాలకులు చదువు పత్రికలో అచ్చగుటకు అది మార్గమయ్యెను. జనుల అభిప్రాయమునకు పత్రిక యెంత బలమైన వాహనమో, ఆ వాహనము ఎవరి భాషలో నడచుచున్నదో చూచుట ఎంత యవసరమో ఆయనకు ఈ పని వలన బోధపడెను.

1921 నవంబరులో జరిగిన యొక సంఘటన ఈ అనుభవములన్నింటిని ఒకచోట కుప్పవోసెను. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరుగుచుండెను. స్త్రీవిద్యకై జీవితము ధారవోసిన మహర్షి కర్వే అధ్యక్షులు. ఉర్దూలోను, మరాఠీలోను, ఆంగ్లములోను ఉపన్యాసములు సాగినవి. సభ్యులు శ్రద్ధతో వినిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగున మాటాడ నారంభింపగానే సభలో ఎగతాళి చెలరేగెను. ఆ రాజ్యమున ప్రజలలో సుమారు సగము మంది తెలుగువారు. అయినను రాజధానిలోని విద్యావంతుల సభలో తెలుగుమాట నవ్వులపాలయ్యెను. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఆనాడు చేరినవారు పదునొకండుగురే. హనుమంతరావుగారు దానికి కార్యదర్శులైరి.

కార్యదర్శి పదవి పైకి చిన్నదిగా కనబడును. అధ్యక్షుడు మాటాడును, ప్రజలు చప్పట్లు చరతురు, కార్యదర్శి వ్రాసికొనును. అయినను సంఘము బ్రదుకుట ఆ వ్రాతపైననే ఆధారపడియుండును. ఏ ఊరినుండి ఎవరు వచ్చిరి, ఏ తీర్మానము నెగ్గినది, ఏ తీర్మానము వీగిపోయినది, ప్రభుత్వమునకు పంపిన వినతికి ప్రత్యుత్తరము వచ్చినదా లేదా అని పద్దు నిలిపినప్పుడే, నిరుటికిని నేటికిని గల భేదము తెలియును. కోమటి తన ఖాతాపుస్తకమును కాపాడుకొన్నట్లు హనుమంతరావుగారు సంఘపు కాగితములను కాపాడుకొనిరి.

తొలి సంవత్సరముల పద్దు చూచిన, అందు రాజకీయములు లేవు. గ్రంథాలయములు, పఠనమందిరములు, మాతృభాషలో ప్రాథమిక విద్య, ప్రాచీన శాసనముల సేకరణ—ఇవియే అప్పటి కోరికలు. 1923లో సంఘము ఆంధ్రజన కేంద్ర సంఘముగా విస్తరించెను. దాని సభలు 1924లో హైదరాబాదులోను, నల్లగొండలోను, 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను జరిగినవి. తాను అక్షరములు దిద్దుకొన్న ఊరికి హనుమంతరావుగారు తెలుగు అక్షరము కొరకు పాటుపడు సంఘమును తోడ్కొనివచ్చినట్లయ్యెను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములు ఈ ఉద్యమమునకు సహజముగనే నెలవులైనవి. సూర్యాపేటయు కోదాడయు హైదరాబాదునుండి బెజవాడకు పోవు బాటపై నున్నవి. కోదాడ దాటిన కొద్ది దూరమునకే ఎల్ల. ఆవలినుండి ధాన్యము, బట్టలతోబాటు కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక వంటి పత్రికలును, వానితో క్రొత్త తలంపులును ఈవలికి వచ్చుచుండెను. మిర్యాలగూడ వర్తకులకు ఆటపట్టు. కాని వర్తకునకైనను రక్షణ లేదు. అధికారి దౌరాకు బయలుదేరినచో బియ్యము, నెయ్యి, పప్పు సమర్పింపవలసియుండెను. ధర అతడిచ్చినదే, ఈయకున్న అడుగువారు లేరు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగు వృత్తులవారి స్థితి ఇంకను దుర్భరము. దేశముఖుల యింటను, అధికారుల బసలలోను వారు కూలిలేక వెట్టిచాకిరి చేయవలసియుండెను. మూటలు మోయుట, కట్టెలు కొట్టుట, బండి వెంట పరుగెత్తుట—అన్నియు వారికి విధులే.

ఈ విషయమున సంఘము అవలంబించిన మార్గము హనుమంతరావుగారి స్వభావమునకు తగినది. ఆయన కేకలు వేయలేదు. వెట్టిని గూర్చి ప్రభుత్వమే అప్పుడప్పుడు చేసిన ఉత్తర్వులను వెదకి, అవి ప్రజలకు తెలియునట్లు చిన్న పుస్తకములుగా అచ్చువేయించి పంచిపెట్టించిరి. వర్తకుల హక్కులను గూర్చియు అట్టి పుస్తకమే వెలువడెను. ఫలానా పని ఉచితముగా చేయింపరాదని సర్కారే వ్రాసియున్నదని తెలిసిన దినమున గ్రామస్థుని చూపు మారును. అంతవరకు తలవ్రాత యనుకొన్నది అన్యాయమని తోచును. ప్రజాభిప్రాయములో తొలి మార్పు ఇట్టిదే: బాధ క్రొత్తది కాదు, బాధకు పేరు పెట్టుట క్రొత్తది.

పత్రికలును ఆ కాలముననే తలయెత్తినవి. 1922లో శబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తినుండి తెనుగు పత్రికను నడపిరి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలసెను. మందుముల నరసింగరావుగారు ఉర్దూలో రయ్యత్ పత్రికను నడపిరి. పల్లెలలో చదువరులు తక్కువ. ఒక్కడు చదువగా రచ్చబండపై పలువురు వినుచుండిరి. పత్రికలో తమ ఊరి పేరు, తమ ఊరి కష్టము అచ్చగుట చూచినవారికి, తమ మాటకును విలువ కలదను నమ్మకము కలుగుచుండెను.

సూర్యాపేట సభ జరిగిన 1928వ సంవత్సరముననే హనుమంతరావుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. తెలుగున చదివిన బాలికల చదువునకు ఆ రాజ్యమున గుర్తింపు దొరకలేదు. అందుచే ఆ పాఠశాలను పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపవలసివచ్చెను. తెలుగుమాట నవ్వులపాలైన సభకు అధ్యక్షత వహించిన కర్వేగారి విద్యాసంస్థయే తెలుగు బాలికల చదువునకు ఆశ్రయమిచ్చెను. ఆడపిల్లకు చదువేలయని ప్రశ్నించిన గృహస్థులే కొన్నియేండ్లకు తమ కూతుండ్రను ఆ బడికి పంపిరి. తీర్మానములు లోకాభిప్రాయమును తెలుపగలవు. దానిని మార్చుటకు బడి కావలెనని ఆయన యెరిగియుండిరి.

1930లో జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభ ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. దానితోబాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. తరువాత 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మము, 1935లో సిరిసిల్ల. రాజకీయములు ప్రసంగింపరాదన్న కట్టుబాటు సభల నెత్తిపై కత్తివలె వ్రేలాడుచుండెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు సభల నోరు నొక్కుచుండెను. అందుచే తీర్మానములు విద్య, బాల్యవివాహములు, అస్పృశ్యత, వెట్టి, గ్రామపరిశ్రమలు అను హద్దులలో నడచినవి. అయినను ఆ హద్దులలోననే ఏటేట స్వరము పెరుగుచుండుట పద్దు చదువువారికి కనబడును. మొదట వేడికోలు, తరువాత కోరిక, ఆ తరువాత హక్కు.

సిరిసిల్ల సభకు హనుమంతరావుగారే అధ్యక్షులు. మహిళాసభకు ఆయన ధర్మపత్ని మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. అదే 1935వ సంవత్సరమున అమెరికాలో జార్జి గాలప్ అనునాతడు ప్రజాభిప్రాయమును కొలుచుటకు ఒక సంస్థను స్థాపించెను. మరుసటి యేట అధ్యక్ష ఎన్నికలు వచ్చినవి. లిటరరీ డైజెస్టు అను పత్రిక 20 లక్షలకు మించిన జవాబులను సేకరించియు, రూజువెల్టు ఓడునని చెప్పి నవ్వులపాలయ్యెను. గాలప్ అంతకంటె మిక్కిలి తక్కువమందిని ప్రశ్నించియు సరిగా చెప్పగలిగెను. కారణము తెలిసినదే. ఆ పత్రిక టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి జాబితాలు పట్టుకొని ప్రశ్నలు పంపెను. పేదవారు ఆ జాబితాలలో లేరు. ఎందరు చెప్పిరనుటకంటె ఎవరు చెప్పిరి, ఎవరి మాట వినబడలేదు అను ప్రశ్నలే ముఖ్యములని లోకము నేర్చుకొనెను.

ఈ ప్రశ్నను ఆంధ్రమహాసభకును వేయవలసియున్నది. తొలి సభలకు వచ్చినవారు వకీళ్ళు, వర్తకులు, ఉపాధ్యాయులు, కొందరు భూస్వాములు. వెట్టిని గూర్చిన తీర్మానము నెగ్గినది నిజమే. వెట్టి చేయువాడు మాత్రము ఆ తీర్మానముపై చేయి యెత్తుటకు అరుదుగానే రాగలిగెను. తన మాటను ఇతరులు దయతో చెప్పుచుండగా అతడు దూరమున నుండెను. హనుమంతరావుగారి పద్దులో లోపమున్నదన్న అది పద్దులోనిది కాదు, సభలోనిది. వచ్చినవారి మాటనే పద్దు చూపగలదు.

ఆ దూరము క్రమముగా తగ్గెను. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసుపై నిషేధము, సత్యాగ్రహము, నిర్బంధములు యువకుల రక్తమును వేడెక్కించినవి. 1939లో నిజాం ప్రభుత్వము ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలను స్వీకరింపవలెనా, త్రోసిపుచ్చవలెనా అను వివాదము మహాసభను రెండు పక్షములుగా చీల్చెను. లభించినదానిని గైకొని మిగిలినదానికై పాటుపడుదమని పెద్దలనిరి, భిక్షమక్కరలేదని యువకులనిరి. 1941లో ఎనిమిదవ మహాసభ కోదాడకు చేరువనున్న చిలుకూరులో జరిగెను. రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. మహిళాసభకు రంగమ్మ ఓబుల్‌రెడ్డిగారు అధ్యక్షురాలు. సభ పట్టణమున గాక పల్లెలో జరుగుటయే కాలము మారినదనుటకు గుర్తు. గ్రంథాలయములను గూర్చిన మాట వెనుకకు పోయి, కౌలు, భూమి, వెట్టి, బాధ్యతాయుత ప్రభుత్వము ముందునకు వచ్చినవి.

పదమూడేండ్ల క్రిందటి సూర్యాపేట సభకును, ఈ చిలుకూరు సభకును నడుమ గల దూరము నేటి బాటపై గంటప్రయాణము. అభిప్రాయములలో మాత్రము ఒక యుగము గడచెను. ఆ యుగమునకు దారి వేసినవారిలో హనుమంతరావుగారు ప్రథములు. ఆ దారిని జనులు ఆయనను దాటి ముందునకు పోవుచుండిరి. ఆయన మితవాది. చట్టము, వినతి, విద్య, ఓర్పు—వీనియందే ఆయనకు విశ్వాసము. 1944 భువనగిరి సభలో సభ్యత్వ రుసుము నాలుగణాలనుండి ఒక అణాకు తగ్గింపబడెను. అణా యిచ్చుకొనగల కూలివాడు సభ్యుడయ్యెను. అంతవరకు వినబడని గొంతులు వినబడినవి. ఆ సభతో మహాసభ చీలెను. హనుమంతరావుగారు మితవాదుల పక్షముననే నిలిచిరి. తాను పెంచిన వృక్షము తన చేతికందని యెత్తునకు పెరిగిన వేళ మనిషికి కలుగు మనోవ్యథ చిన్నది కాదు. అయినను ప్రజాజీవితమునుండి ఆయన వైదొలగలేదు; తన పాఠశాలను విడువలేదు.

తరువాతి సంవత్సరములు నెత్తుటి సంవత్సరములు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియయ్యెను. సూర్యాపేట, హుజూరునగరము, మిర్యాలగూడ తాలూకాలు సాయుధ రైతాంగ పోరాటమునకు రంగస్థలములైనవి. రజాకార్ల దౌర్జన్యములు పెచ్చుపెరిగినవి. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్, వ్రాసిన వ్రాతలకై హైదరాబాదు వీధిలో హత్యకు గురియయ్యెను. ఆ సెప్టెంబరులో నిజాం పాలన అంతరించెను. అభిప్రాయము చెప్పుట ప్రాణాంతకమైన దినములలో దానిని లెక్కించుట యెవరితరము?

ఆ తుపాను వెలిసిన వెంటనే, 1949 మొదలుకొని హనుమంతరావుగారు తెలంగాణ ఆంధ్రోద్యమము అను గ్రంథమును రెండు భాగములుగా వెలువరించిరి. ఉద్యమము పుట్టిన తీరు, సంఘముల నిర్మాణము, సభల వృత్తాంతము, తీర్మానముల గతి—ఇవి అందలి విషయములు. అలంకారములు తక్కువ, ఆధారములు ఎక్కువ. ఉద్యమమున పాల్గొన్నవాడే దానిని వ్రాసినపుడు ఆత్మస్తుతి దొరలుట సహజము. ఆయన మాత్రము కార్యదర్శి కలమును విడువలేదు.

ఆ గ్రంథమొక్కటియే చాలునని చెప్పరాదు. అది మితవాది కన్నులతో చూచిన లోకము. రావి నారాయణరెడ్డిగారి వీర తెలంగాణయు, మందుముల నరసింగరావుగారి 50 సంవత్సరాల హైదరాబాదును దానిప్రక్కన నుంచి చదువవలెను. ఒకే సభ మూడు చోట్ల మూడు తీరుల కనబడును. ఎక్కడ మూడును కలియునో అక్కడ నిశ్చయము దొరకును. ఎక్కడ విడిపోవునో అక్కడ ఆనాటి ప్రజలలోనే భేదాభిప్రాయము ఉండెనని గ్రహింపవచ్చును. చరిత్ర బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పాఠము దొరకుట కష్టము.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినవి. ముప్పదియేండ్లు తీర్మానములద్వారా మాత్రమే తెలియుచున్న ప్రజల మనసు మొట్టమొదటిసారి ఓటు లెక్కకు వచ్చెను. నల్లగొండ లోకసభ స్థానమున రావి నారాయణరెడ్డిగారు 3 లక్షలకు పైగా ఓట్లు పొంది, దేశములో జవాహర్‌లాల్ నెహ్రూగారికంటెను అధికముగా ఓట్లు గడించినవారైరి. ఢిల్లీకి అది ఆశ్చర్యము కలిగించియుండును. చిలుకూరు, భువనగిరి సభల పద్దులను శ్రద్ధగా చదివినవారికి ఆశ్చర్యపడవలసినంత లేదు. ఊరూర రగులుచున్నది ఒక్కనాడు లెక్కలో తేలినది.

హనుమంతరావుగారికిని ప్రజల గౌరవము లోపింపలేదు. 1951లో హైదరాబాదు నగరమునకు తొలి మేయరైరి. 1955లో పద్మభూషణ బిరుదమందిరి. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా నుండిరి. వాదోపవాదములను పక్షపాతము లేక వినుట ఆ పీఠమున ప్రథమ ధర్మము. అర్ధశతాబ్దము సభలు నడపి, సభలను వ్రాసిన వానికి ఆ పీఠము తగినదే. 1970 నవంబరు 11న, తన యెనుబదియారవ యేట ఆయన దివంగతులైరి.

ఆయన బాల్యము గడపిన సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమయ్యెను. కోదాడయు చిలుకూరును ఆ జిల్లాలోనివే. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను. ప్రజాభిప్రాయమును కొలుచు సాధనములు నేడు కొల్లలు. ఎన్నికలకు ముందు ఒక లెక్క, తరువాత మరియొక లెక్క వెలువడుచున్నవి. అవి కొన్నిమార్లు నిజమగును, కొన్నిమార్లు తారుమారగును. లెక్క యేదైనను దానిని చదువునపుడు హనుమంతరావుగారి జీవితమునుండి రెండు ప్రశ్నలు నేర్చుకొనవచ్చును. నిరుడు వీరే యేమనిరి? ఈ లెక్కలో నోరు విప్పుటకు వీలులేకపోయినవారు ఎవరు? మొదటిదానికి జవాబు ఆయన కాపాడిన కాగితములలో నున్నది. రెండవదానికి జవాబును చిలుకూరు పొలములనుండి, ఒక అణా రుసుము చెల్లించి వచ్చిన జనము చెప్పినది. ఈ రెండును కలిపి చదువుకొన్నప్పుడే తెలంగాణపు ఆ ముప్పదియేండ్ల ప్రజల మనసు పూర్తిగా తెలియును.